సముద్రంలో భీమశంకరంగారి ఇల్లు

పొద్దున్న ఎనిమిదిన్నరకి చిక్కాల భీమశంకరంగారు వసారాలో కూర్చుని రెండో పెసరట్టు మీద అల్లప్పచ్చడి రాసుకుంటూ ఉండగా, ఆయన సముద్రంలో ఉన్నారని ఫోనొచ్చింది.

"భీమశంకరంగారేనాండీ?"

"ఆయ్."

"సార్, మీరు ప్రస్తుతం తీరానికి పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో నడి సముద్రంలో ఉన్నారు. కంగారు పడకండి. మేం గమనిస్తూనే ఉన్నాం."

"నేను ఇంట్లో ఉన్నానమ్మా. టిఫిన్ తింటున్నాను."

"తినండి సార్. కానీ ఉన్నచోటు నుంచి కదలకండి."

ఫోను పెట్టేశారు. శంకరంగారు ఒకసారి కాళ్ళకింద నేల చూసుకున్నారు. చింతలదిబ్బ ఊళ్ళో ఆయన తాతగారు వేయించిన నాపరాళ్ళ నేల. పొడిగానే ఉంది. వంటింట్లోంచి భార్య మాణిక్యాంబ, "ఎవరండీ?" అనడిగితే, "ఎవరో, మనం సముద్రంలో ఉన్నామంటున్నారు," అన్నారు. ఆవిడ మూడో అట్టు తిరగేస్తూ, "రాంగ్ నంబరేమో," అంది.

రాంగ్ నంబరు అనే మాట ఆయన ముందు అనకూడదు. ముప్పై నాలుగేళ్ళు టెలిఫోను ఎక్స్చేంజిలో పనిచేసి, తన చేతిమీదుగా ఒక్క తీగ తప్పు కలవకుండా రిటైరైన మనిషాయన. కొలత తప్పితే ఆయనకి అన్నం సహించదు. గోడ గడియారం నిమిషం వెనకబడితే కుర్చీ వేసుకుని ఎక్కేస్తారు. అలాంటివాడికి రిటైరయ్యాక పట్టిన పిచ్చి హామ్ రేడియో. పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, డాబా మీద నలభై అడుగుల ఇనప గొట్టం పాతి, దానికి యాంటెన్నా కట్టి, ముక్కూ మొహం తెలియని వాళ్ళతో గాలిలో కబుర్లు చెబుతూ ఉండేవారు. ఊళ్ళో వాళ్ళు నవ్వేవారు. ఏడేళ్ళ కిందటి తుఫానులో ఫోన్లన్నీ మూడు రోజులు చచ్చి పడుంటే, ఊళ్ళో ఎవరు బతికున్నారో, ఎవరికి మందులు కావాలో ఆ గొట్టం మీదుగానే బయటికి వెళ్ళింది. అప్పట్నుంచి నవ్వడం మానేశారు.

నవ్వడం మానేసిన వాళ్ళతో చిక్కేమీ లేదు. మెచ్చుకున్న వాళ్ళతోనే వచ్చింది.

ప్రభుత్వం మెచ్చుకుంది. మెచ్చుకుని, జిల్లా కేంద్రంలో 'విపత్తు స్థాన నిర్ధారణ కేంద్రం' అని ఒకటి పెట్టింది. జిల్లాలో రేడియో ఉన్న ప్రతివాడూ ఒక చిన్న పెట్టె తగిలించుకోవాలి. ఇల్లెక్కడుందో ఆ అంకెలు కేంద్రం వాళ్ళే నమోదు చేసి అందులో ఎక్కించి ఇస్తారు. అది పది నిమిషాలకోసారి 'నేను ఫలానా, ఫలానా చోట ఉన్నాను' అని రేడియోలో కూత పెడుతుంది. ఆ కూత కేంద్రంలో కంప్యూటరు అందుకుని గోడంత పటం మీద ఎర్ర చుక్క వెలిగిస్తుంది. తుఫానొస్తే ఎవరెక్కడున్నారో ఇట్టే తెలిసిపోతుంది. ఆలోచన బంగారంలాంటిది. శంకరంగారే ఎగిరి గంతేసి అందరికంటే ముందు చేరారు. కానీ సర్కారువారి చేతిలో పడ్డాక బంగారమైనా ముందు ఫైలవుతుంది కదా. కేంద్రానికి ఒక నియమావళి తయారైంది. అందులో నాలుగో నిబంధన ఇదీ: పటంలో చుక్క ఎక్కడుంటే మనిషి అక్కడ ఉన్నట్టు, చుక్క లేనివాడు లేనట్టు.

అది చదివినప్పుడు శంకరంగారికి ముచ్చటేసింది. ఎంత కచ్చితంగా రాశారూ అనుకున్నారు.

టిఫిన్ అయ్యాక స్కూటరు తీసుకుని కేంద్రానికి వెళ్ళారు. గుమ్మం దగ్గర కాపలా మనిషి పేరడిగాడు. చెప్పారు. వాడు లోపలికి తొంగి, గోడమీద పటం చూసి వచ్చి, "ఆరింకా సముద్రంలోనే ఉన్నారండి. ఒచ్చాక రండి," అన్నాడు.

"ఎవరొచ్చాక?"

"శంకరంగారండి."

ఎలాగో బతిమాలి లోపలికి వెళితే, పొద్దున్న ఫోను చేసిన డేటా అసిస్టెంటు విమలకుమారి లేచి నిలబడింది. మంచి పిల్ల. ఆయన్ని చూడగానే మొహంలో తప్పు చేసినట్టు కనబడింది. శంకరంగారు కళ్ళజోడు పెట్టుకుని తెరమీద అంకెలు చూశారు. చూసిన మరుక్షణం తప్పు దొరికిపోయింది.

"అమ్మాయ్, నా ఇల్లు ఎనభై రెండుంబావు డిగ్రీల రేఖాంశం మీద ఉంది. దశాంశంలో రాస్తే ఎనభై రెండు పాయింటు ఇరవై ఐదు. నువ్వు ఆ ఇరవై ఐదునీ తెచ్చి నిమిషాల గడిలో వేసేశావు. డిగ్రీకి అరవై నిమిషాలు తల్లీ. పావంటే పదిహేను నిమిషాలు. తొమ్మిదింబావుకి బస్సంటే తొమ్మిదీ ఇరవై ఐదుకి వెళ్ళి నిలబడతామా? బస్సు పోతుంది. అలాగే నా ఇల్లు పోయింది, పది నిమిషాలు తూర్పుకి. మా ఊరికి తూర్పున ఉన్నది సముద్రం."

విమలకుమారి తల దించుకుంది. "నాకు అర్థమైందండి సార్. కానీ ఒకసారి నమోదయ్యాక మా చేతిలో ఉండదండి. ఆఫీసరుగారు చూడాలి."

ఆఫీసరుగారు గంధం గరుడాద్రి. నాలుగో నిబంధన ఆయన రాసిందే. ఆయన శంకరంగారికి కుర్చీ చూపించి, పటం వైపు ఓసారి, మనిషి వైపు ఓసారి చూసి గొంతు సవరించుకున్నారు.

"చూడండి భీమశంకరంగారూ. వ్యక్తిగా మీరు నా ఎదుట ఆసీనులై ఉండవచ్చు. వ్యక్తిగతంగా నేను దాన్ని కాదనను. కానీ సంస్థాగతంగా తమరు సముద్రంలో ఉన్నారు."

"నేను ఇక్కడే ఉన్నాను కదండీ!"

"అది తమ అభిప్రాయం. పటం ఒకరి అభిప్రాయం మీద ఆధారపడదు. రేపు ప్రతివాడూ వచ్చి నేనిక్కడున్నాను, అక్కడ లేను అంటే ఈ కేంద్రం ఉండి ప్రయోజనమేమిటి?"

"పోనీ, తప్పు దిద్దుకునే వీలుందా?"

"ఎందుకు లేదు? సవరణకు పదకొండో నంబరు ఫారం ఉంది. సవరణకు ముందు నమోదైన స్థలంలో నేను స్వయంగా తనిఖీ చెయ్యాలి. ఆ సమయానికి తమరు ఇంటి దగ్గర ఉండాలి."

"ఏ ఇంటి దగ్గరండీ?"

"నమోదైన ఇంటి దగ్గర."

శంకరంగారి నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. ఫారం నింపి ఇచ్చేశారు. లేవబోతూ, వచ్చిన రెండో పని గుర్తొచ్చి అడిగారు. "మా ఊరి నూకరాజు దరఖాస్తు ఏమైందండీ?"

మైలపల్లి నూకరాజు చింతలదిబ్బ రేవులో పడవ ఉన్న మనిషి. చదివింది ఏడో తరగతి. శంకరంగారి రేడియో చూసి, ఆయన వెంటపడి నేర్చుకుని, రెండుసార్లు తప్పి మూడోసారి పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకున్నాడు. పడవకి పెట్టె బిగించుకున్నాడు. అందులో, ఆకాశంలోని ఉపగ్రహాల్ని చూసి తనెక్కడుందో తనే సరిగ్గా తెలుసుకునే యంత్రం ఉంది. అంకెలు చేత్తో ఎక్కించే పని లేదు, తప్పు పడే ప్రశ్నే లేదు. జిల్లా మొత్తంలో అవసరమంటూ ఉన్న చుక్క అదొక్కటే.

గరుడాద్రిగారు ఫైలు తెరిచారు. "నూకరాజు అనే వ్యక్తి స్థిర చిరునామా దగ్గర 'పడవ' అని రాశాడు. సదరు పడవ కదులుతున్నట్టు మా దృష్టికి వచ్చింది."

"పడవ కదలక ఏం చేస్తుందండీ?"

"కదలవద్దని మేం అనడం లేదు. కదిలిన ప్రతిసారీ చిరునామా మార్పు కింద తొమ్మిదో నంబరు ఫారం మూడు ప్రతుల్లో దాఖలు చెయ్యాలి. అతని పెట్టె ఐదు నిమిషాలకోసారి కొత్త చిరునామా చెబుతోంది. అంటే రోజుకి రెండు వందల ఎనభై ఎనిమిది ఫారాలు. ఇంతవరకూ ఒక్కటీ రాలేదు. అందుచేత అతని చుక్కని పటం నుంచి తాత్కాలికంగా నిలిపివేశాం."

"అంటే నాలుగో నిబంధన ప్రకారం..."

"అంతే. అతను లేడు."

తనిఖీ ఐదో రోజున జరిగింది. గరుడాద్రిగారు మోటారు పడవలో పద్దెనిమిది కిలోమీటర్లూ వెళ్ళారు, దోవపొడుగునా వాంతులు చేసుకున్నారు, అయినా విధి మానలేదు. టేపు పట్టుకెళ్ళారు. పంచనామాకి ఇద్దరు సాక్షుల్ని పట్టుకెళ్ళారు. నిబంధన ప్రకారం గృహస్థుని పేరు పెట్టి ముమ్మారు పిలిచారు. పలకలేదు. శంకరంగారు ఆ వేళ చింతలదిబ్బలో తన సొంత గుమ్మంలో, ఉతికిన పంచె కట్టుకుని, ఆఫీసరుగారి కోసం సాయంత్రం దాకా ఎదురుచూశారు.

నివేదిక వచ్చింది. 'నమోదిత స్థలమందు ఇల్లు గాని, ప్రహరీ గాని, వీధి గాని కానరాలేదు. అంతటా జలమే. కావున సదరు ఇల్లు మునిగిపోయినదని, గృహస్థు నీటిపై తేలుతూ పది నిమిషాలకోసారి సహాయము అర్థించుచున్నాడని నిర్ధారణ అయినది. ఇల్లు లేనందున సవరణ ప్రశ్న ఉత్పన్నం కాదు. తదుపరి విపత్తులో ఇతనిని ప్రథమ ప్రాధాన్యంపై రక్షించవలెను.'

గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదీ. ఆ నివేదిక నకళ్ళు అన్ని శాఖలకీ వెళ్ళాయి. పంచాయతీ వాళ్ళు వచ్చి గోడమీద ఇంటి నంబరు తుడిచేసి వెళ్ళారు. తుడవడానికి గోడకే నిచ్చెన వేశారు, కానీ గోడ ఉందన్న సంగతి వాళ్ళ పరిధిలోది కాదట. కరెంటాఫీసు నుంచి, సముద్రగర్భంలో మీటరు తిరుగుటకు గల కారణములు తెలుపవలెనని కాగితమొచ్చింది. పోస్టుమాన్ ఉత్తరాలు వెనక్కి పట్టుకుపోతూ, "ఏమనుకోకండి శంకరంగారూ. ఈత రాదండి నాకు," అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు శంకరంగారికి కాలింది.

మాణిక్యాంబ ఆ నివేదిక రెండుసార్లు చదివింది. "మీరు తేలుతున్నారని రాశాడు బానే ఉంది. మరి నేనో? ములిగానా, తేలానా?"

"నీకు చుక్క లేదుగా. నీ ప్రస్తావన రాదు."

"నలభై ఏళ్ళు కాపురం చేశాను. ఓ మాటైనా రాయాలా అక్కర్లేదా?"

శంకరంగారికి రాత్రిళ్ళు నిద్ర పట్టడం మానేసింది. బతుకంతా ఒక్క తప్పు నంబరు కలపని మనిషి, ఇప్పుడు పది నిమిషాలకోసారి తన పేరుతో తన రేడియో అబద్ధం కూస్తుంటే వినాల్సొచ్చింది. పెట్టె కట్టేద్దామంటే ఇంకో నిబంధన ఉంది. ముప్పై నిమిషాలు చుక్క పలకకపోతే ఆ మనిషి 'రక్షణ అవసరం దాటినవాడు' అవుతాడు. అంటే పోయినవాడన్న మాట. సముద్రంలో ఉండటమే నయమనుకున్నారు.

కార్తీకం మొదట్లో తుఫాను హెచ్చరిక వచ్చింది. పడవలన్నీ ఒడ్డుకి చేరాయి, ఒక్కటి తప్ప. పదకొండు గంటలకి శంకరంగారి రేడియోలో నూకరాజు గొంతు వినబడింది.

"శంకరంగారూ, ఇంజను సచ్చిపోయిందండి. తెల్లారగట్ల నుంచీ తిప్పుతున్నాం, అంటుకోటం లేదు. నలుగురం ఉన్నామండి. గాలి బాగా లేదు."

శంకరంగారు రేడియోకున్న చిన్న తెరమీద చూశారు. పటంలో ఆపేసినా పెట్టె కూత పెడుతూనే ఉంది, ఆయన రేడియో దాన్ని నేరుగా అందుకుంటోంది. ఒడ్డుకి ఇరవై కిలోమీటర్ల పైన ఉన్నాడు. గుమ్మంలో నూకరాజు పెళ్ళాం కాసులమ్మ వచ్చి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలీదు, అంతా విన్నది.

"ఓడ పంపించమని సెప్పండి బాబూ," అంది. అంతే అంది.

ఏ శాఖకి ఫోను చేసినా ఒకటే మాట. తుఫాను వేళ ఏ ఓడ కదలాలన్నా కేంద్రం పటంలో చుక్క చూపించాలని కొత్త ఉత్తర్వు. కేంద్రానికి చేశారు. గరుడాద్రిగారే ఎత్తారు.

"నలుగురు మనుషులండీ! ఇంజను పోయింది. నేను స్థానం చదువుతాను, రాసుకోండి."

"నూకరాజు అనే వ్యక్తి పటంలో లేడండీ. లేనివాడు ఆపదలో ఎలా ఉంటాడు? తొమ్మిదో ఫారాలు దాఖలైతే పదిహేను పనిదినాల్లో పరిశీలిస్తాం." ఆయన గొంతులో ఒక్కసారిగా వెన్న కరిగింది. "తమరు మాత్రం ధైర్యంగా ఉండండి. మీ కోసం సహాయక నౌక ఒంటిగంటకి బయలుదేరుతోంది. స్వయంగా నేనే వస్తున్నాను."

"నాకెందుకండీ ఓడ! నేను ఇంట్లో..."

అని ఆగిపోయారు. కాసులమ్మ ఆయన మొహం వంక చూస్తోంది.

తెరమీద నూకరాజు చుక్కకీ, పద్దెనిమిదో కిలోమీటరు మీద తన అబద్ధపు చుక్కకీ మధ్య వేలు పెట్టి కొలిచారు. ఐదు కిలోమీటర్లు. నూకరాజు ఈశాన్యంలో ఉన్నాడు. గాలి ఈశాన్యం నుంచే కొడుతోంది.

"హలో? భీమశంకరంగారూ? లైన్లో ఉన్నారా?"

శంకరంగారు జన్మలో ఎన్నడూ ఆడని మాట ఆడారు. "సముద్రంలో ఉన్నానండీ," అన్నారు. "కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. అలలు మీద పడుతున్నాయి. ఓడ సరిగ్గా ఎక్కడికొస్తుందండీ?"

"ఎక్కడికేమిటి? తమ ఇంటికే."

"రండి. తొందరగా రండి. మునిగిపోయేట్టున్నాను!"

ఫోను పెట్టేసి రేడియో అందుకున్నారు. "నూకరాజూ, టార్పాలిన్ ఉందా?"

"ఐసు మీద కప్పేది ఉందండి."

"దాన్ని తెరచాపలాగా కట్టు. గాలి వీపున పెట్టుకుని నైరుతికి రా. మా ఇంటికి రా."

"మీ ఇంటికాండీ? మీ ఇల్లు ఊళ్ళో కదండీ?"

"ఊళ్ళోది కాదురా. సముద్రంలో ఇంకో ఇల్లుంది. దారి నేను చెబుతాను."

మధ్యాహ్నం ఒంటిగంటకి ముందుజాగ్రత్తగా కరెంటు తీసేశారు. రేడియో బ్యాటరీ మీద పడింది. అది పాతది. మాట్లాడిన కొద్దీ తినేస్తోంది. అటు చూస్తే ఆ బ్యాటరీ మీదే ఆయన పెట్టె కూడా కూత పెట్టాలి. చుక్క ఆరితే ఆయన పోయినట్టు, ఆయన పోతే ఓడ వెనక్కి వెళ్ళినట్టు. మూడు వారాలుగా ఏ చుక్కని చెరపాలని ఆయన కాళ్ళరిగేలా తిరిగారో, అదే చుక్క ఆరిపోకూడదని ఇప్పుడు ముక్కోటి దేవతలకీ మొక్కుతున్నారు.

"ఎడమకి కాస్త. ఆఁ, అలాగే. ఇంకా మూడున్నర కిలోమీటర్లు."

"తాడు తెగిపోయిందండి! కడతన్నాం!"

రెండు గంటలకి రేడియో దీపం మసకబారింది. వెనక ఖణేల్మని చప్పుడు. మాణిక్యాంబ చీర కొంగు బొడ్లో దోపుకుని, తల నుంచి నీళ్ళు కారుతూ, రెండు చేతులా స్కూటరు బ్యాటరీ పట్టుకుని వచ్చి బల్ల మీద పెట్టింది.

"ఎలా ఊడదీశావే?"

"అట్లకాడతో. ముందు తగిలించండి, తర్వాత తిడుదురుగాని."

తగిలించారు. పెట్టె కూత పెట్టింది. చుక్క బతికింది.

రెండున్నరకి విమలకుమారి ఫోను చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "సార్, ఓడ మీ స్థానానికి చేరిపోయిందండి. మీరు కనిపించట్లేదట. ఇల్లు మునిగినట్టు ముందే నివేదిక ఉంది కాబట్టి వెనక్కి తిరుగుదామంటున్నారు ఆఫీసరుగారు. ఓడ రేడియోలో లైన్లో ఉన్నారు. ఏం చెప్పమంటారు?"

నూకరాజు ఇంకా కిలోమీటరు దూరంలో ఉన్నాడు. కాసులమ్మ గుమ్మం గట్టిగా పట్టుకుంది. శంకరంగారికి ఆ క్షణాన కోపమొచ్చింది, మామూలు కోపం కాదు. ముప్పై నాలుగేళ్ళు రూల్సు చదివిన మనిషి కోపం.

"అమ్మాయ్, ఆఫీసరుగారితో చెప్పు. ఏడో నిబంధన, మూడో క్లాజు. గృహస్థుని పేరు పెట్టి ముమ్మారు పిలవాలి, పిలుపుకీ పిలుపుకీ మధ్య పది నిమిషాలు వేచి ఉండాలి. అది చెయ్యకుండా ఓడ తిప్పితే పంచనామా చెల్లదు. చెల్లని పంచనామా మీద ఆయన సంతకముంటే రేపు ఆడిట్లో ఏమవుతుందో ఆయనకే తెలుసు."

రెండు నిమిషాలకి విమలకుమారి మళ్ళీ లైన్లోకొచ్చి అంది, "మొదటి పిలుపు పిలుస్తున్నారండి." ఆ పిల్ల గొంతులో ఏడుపో నవ్వో తెలియలేదు.

నడిసముద్రంలో, మనిషెత్తు అలల మధ్య, వాన కొడుతుండగా ఓడ మైకులో గరుడాద్రిగారి గొంతు మోగింది. "చిక్కాల భీమశంకరం! చిక్కాల వారి ఇంటి గృహస్థూ!" సముద్రం పలకలేదు. పది నిమిషాలకి రెండోసారి పిలిచారు. అందులో ఓ వాంతి కూడా కలిసింది.

శంకరంగారు రేడియోలో ఒకటే చెప్పారు. "నూకరాజూ, ఓడ మీద నుంచి నా పేరు పెట్టి పిలుస్తారు. నువ్వు పలుకు. ఎవరేమడిగినా నువ్వే నేను. అర్థమైందా?"

"ఆయ్."

మూడో పిలుపుకి అల మీదనుంచి, చిరిగిన నీలం టార్పాలిన్ వెనకాల నుంచి, గొంతు పగిలేలా జవాబొచ్చింది.

"ఆయ్! భీమశంకరాన్నేనండీ! ఇక్కడే ఉన్నానండీ!"

నలుగుర్నీ పైకి లాగారు. గరుడాద్రిగారు తడిసిన ఫారం తీసి ఒక్కొక్కర్నీ రాసుకున్నారు. మొహం వేరైనా, చుక్క దగ్గర పేరుకి పలికాడు కాబట్టి నూకరాజు గృహస్థు. తక్కిన ముగ్గురికీ చుక్కలు లేవు, కాబట్టి గృహస్థుని కుటుంబ సభ్యుల కింద రాయాలి. ఫారంలో మొదటి గడి భార్యది. అది ఖాళీగా ఉంచకూడదు. అందుచేత బుర్ర మీసాల వాసుపల్లి గురప్పని అందులో రాశారు. గురప్ప నోరెత్తలేదు. ప్రాణం కంటే మీసం ఎక్కువా?

సాయంత్రం ఐదింటికి ఓడ రేవుకి చేరింది. వానలోనే ఊరంతా వచ్చింది. నూకరాజు దిగీ దిగగానే కాసులమ్మ వాడి రెండు చెంపలూ వాయించి, వాడి మెడ పట్టుకుని ఏడ్చేసింది. గరుడాద్రిగారు అది చూసి కంగారు పడ్డారు. "ఎవరమ్మా నువ్వు? శంకరంగారి భార్య ఆయనతోనే దిగారు కదా," అని గురప్పని చూపించారు. శంకరంగారు గొడుగు లేకుండా ఓ పక్కగా నిలబడి ఉన్నారు. నూకరాజు ఆయన్ని చూసి చేతులు జోడించబోతే, వద్దని తల ఊపారు. ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. వాన కదా, ఎవరూ పట్టించుకోలేదు.

నాలుగో రోజున, తుఫాను వెళ్ళిపోయాక, గరుడాద్రిగారు స్వయంగా చింతలదిబ్బ వచ్చారు. చేతిలో పదకొండో నంబరు ఫారం ఉంది. మనిషి కాస్త చిక్కారు.

"భీమశంకరంగారూ, రక్షించబడిన తర్వాత తమ కేసు పునఃపరిశీలించాం. తమ స్థానం సవరించడానికి సంస్థ సుముఖంగా ఉంది. పావు అంటే పదిహేను నిమిషాలన్న తమ వాదనను పై అధికారులు సూత్రప్రాయంగా అంగీకరించారు. ఇక్కడ సంతకం చేస్తే సముద్రంలో చుక్క తీసేసి, ఈ ఇంటి మీద పెట్టేస్తాం. పంచాయతీ నంబరు తిరిగి వేస్తారు. మీటరు కూడా తిరగవచ్చు."

శంకరంగారు కలం అందుకున్నారు. ఇన్నాళ్ళూ ఆయన కోరింది ఇదే. ఫారం ఆసాంతం చదివారు. అంకెలన్నీ ఈసారి సరిగ్గా ఉన్నాయి. ఒక్క తప్పు లేదు.

కలం మూత పెట్టేశారు.

"వద్దండి," అన్నారు. "నేను అక్కడే ఉంటాను."

"అదేమిటి? అక్కడ ఇల్లే లేదు కదా!"

"నాలుగో నిబంధన ఉందండి. చుక్క ఉన్నచోట నేనున్నట్టు. నేనున్నచోటికి ఓడ వస్తుంది. ఆ చుక్క కదపకండి."

గరుడాద్రిగారు చాలాసేపు ఆలోచించారు. ఈ మనిషి నిబంధనని గౌరవించాడు, అందులో సందేహం లేదు. చివరికి మెచ్చుకోలుగా తల పంకించి ఫారం మడిచి జేబులో పెట్టుకున్నారు. లేచి గుమ్మం దాటబోయి ఆగారు.

వీధిలో అరుగు మీద, అరుగు కింద, గోడ పొడుగునా ముప్పై మంది దాకా ఉన్నారు. చింతలదిబ్బ వాళ్ళే కాదు, పక్క రేవులనుంచి కూడా వచ్చిన వాళ్ళు. అందరూ పడవల వాళ్ళే. ప్రతివాడి చేతిలోనూ కేంద్రం వారి దరఖాస్తు ఉంది. అందరికంటే ముందు గురప్ప.

"ఏమిటిది?" అన్నారు ఆఫీసరుగారు.

గురప్ప ఆయన్ని పట్టించుకోలేదు. శంకరంగారి కేసి చూశాడు. "పరీచ్చ రాసి మేం కూడా రేడియో లైసెన్సు తెచ్చుకుంటామండి. ఎన్నిసార్లు తప్పినా రాస్తాం. మాక్కూడా సముద్రంలో తలో ఇల్లు రాయించండి బాబూ."

శంకరంగారు లోపలికి వెళ్ళి, గోడకి తగిలించిన పెద్ద సముద్రపు పటం తీసుకొచ్చి అరుగుమీద పరిచారు. పెన్సిలు చెక్కుకున్నారు. కళ్ళజోడు సర్దుకున్నారు.

"తోసుకోకండి. ఒక్కొక్కరే రండి," అన్నారు. "గురప్పా, గాలి లేచినప్పుడు మీ పడవలు ఎటు కొట్టుకుపోతాయి? అక్కడ కడదాం నీ ఇల్లు."